సాగదీత వ్యాయామాల్లో మోకాలు ఎక్కడ ఉండాలి?

(ప్రసంగానికి రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసివేశాము.)

సభకు నమస్కారం. ఈ పూట నాకు అప్పగించిన విషయం చూడటానికి చిన్నదే. ఒంటికి వంగే గుణం పెరగాలని మనం చేసే స్ట్రెచింగ్ వ్యాయామాల్లో మోకాలు ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి, దానిచేత ఏ పని చేయించకూడదు, ఇంతే. ఇక్కడ కూర్చున్నవారిలో యోగా నేర్పేవారు ఉన్నారు, జిమ్‌లో శిక్షణ ఇచ్చేవారు ఉన్నారు, ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని వీడియో చూస్తూ చేసుకునేవారూ ఉన్నారు. అందరికీ కలిపి ముందుగా ఒక ప్రశ్న వేస్తాను. మీరు చివరిసారి కాళ్లు చాపుకుని కూర్చుని, ముందుకు వంగి, కాలి వేళ్లను అందుకోబోయినప్పుడు లాగుడు ఎక్కడ తెలిసింది? మాటలతో చెప్పవద్దు, చేత్తో చూపించండి.

చూశారా, చాలామంది చేతులు మోకాలి వెనక మడత దగ్గరికే వెళ్లాయి. తొడ వెనక, సరిగ్గా మధ్యభాగానికి వెళ్లిన చేతులు తక్కువ. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ రెండు చోట్లకు మధ్య ఉన్న జానెడు దూరం గురించే. లాగుడు కండరం నడుమ తెలిస్తే మీ వ్యాయామం సాగవలసినదాన్ని సాగదీస్తున్నట్టు లెక్క. కీలు దగ్గర తెలిస్తే, అది ముందువైపు కానీ, వెనకవైపు కానీ, పక్కల కానీ, మీరు సాగకూడని దాన్ని లాగుతున్నారు. మళ్లీ చెబుతున్నాను: స్ట్రెచింగ్‌లో మోకాలికి ఏమీ తెలియకూడదు. కొంచెం కూడా తెలియకూడదు.

ఎందుకు ఇంత ఖచ్చితంగా అంటున్నాను? మోకాలి నిర్మాణం అలాంటిది కాబట్టి. పాఠ్యపుస్తకాల్లో మోకాలిని మడత బందు కీలు అంటారు, తుంటిని బంతి గిన్నె కీలు అంటారు. తుంటి ముందుకు, వెనక్కి, పక్కకు కదులుతుంది, లోపలికి, బయటికి తిరుగుతుంది. మోకాలు ముఖ్యంగా ఒకే దారిలో ముడుచుకుంటుంది, అదే దారిలో చాచుకుంటుంది. తలుపును ఎన్నిసార్లు తెరిచి మూసినా బందుకు ఏమీ కాదు కానీ, అదే తలుపును పట్టుకుని పక్కకు వేలాడితే తలుపు విరగకముందే బందు మేకులు వదులవుతాయి. మోకాలి విషయంలో ఆ మేకులు లిగమెంట్లు, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు.

అయితే మోకాలు అసలు మెలి తిరగదా? తిరుగుతుంది. ఎంత, ఎప్పుడు అన్నదే ముఖ్యం. దీన్ని నేను చెప్పడం కంటే మీరే చూడటం మంచిది. అందరూ కుర్చీలో కొంచెం ముందుకు జరగండి. కుడి మోకాలు లంబకోణంలో, అంటే 90 డిగ్రీల దగ్గర ఉండనివ్వండి. మోకాలిచిప్పకు రెండు మూడు వేళ్ల కింద, ఎముక మీద ఒక బొడిపె తగులుతుంది. దాని మీద చూపుడువేలు ఆనించండి. ఇప్పుడు మడమను నేల మీదే ఉంచి, పాదం ముందుభాగాన్ని కాస్త ఎడమకు, కాస్త కుడికి తిప్పండి. వేలి కింద బొడిపె కదులుతోందా? కదులుతోంది. తొడ కదలకుండానే కదులుతోంది. అంటే ముడిచి ఉన్న మోకాలు కొంత తిరుగుతుంది. ఇక రెండో భాగం. కాలు ముందుకు చాపి, మోకాలు పూర్తిగా తిన్నగా బిగించి, పాదాన్ని అలాగే తిప్పండి. పాదం తిరుగుతోంది, కానీ దానితో పాటు మోకాలిచిప్ప, తొడ కూడా తిరుగుతున్నాయి. ఆ తిరుగుడు మోకాలిది కాదు, తుంటిది. వెనక వరసలోని వారికి కూడా తెలిసిందా? తెలియకపోతే చెయ్యి తొడ మీద పెట్టి మరోసారి చేయండి.

కాలు పూర్తిగా చాచుకునే చివరి 20, 30 డిగ్రీల్లో మోకాలి కింది ఎముక, డాక్టర్లు టిబియా అనేది, కొద్దిగా బయటికి తిరిగి తాళం వేసుకున్నట్టు బిగుసుకుంటుంది. నిలబడినప్పుడు తొడ కండరాలు అలిసిపోకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. ఈ బిగుసుకున్న స్థితిలో పాదాన్ని నేలకు ఆనించి ఒంటిని తిప్పితే, తుంటి ఇచ్చినంతవరకు ఇస్తుంది, ఆ పైన మిగిలిన మెలి అంతా మోకాలి మీద పడుతుంది.

పడితే ఏం నలుగుతుంది? తొడ ఎముకకు, టిబియాకు మధ్య అర్ధచంద్రాకారంలో రెండు మృదులాస్థి దిండ్లు ఉంటాయి. వాటిని మెనిస్కస్ అంటారు, లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. లోపలివైపుది పక్క లిగమెంటుకు అతుక్కుని ఉండటం వల్ల దానికి జరిగే వీలు తక్కువ, అందుకే చిరగడం ఎక్కువగా దానికే జరుగుతుంది. మోకాలు బాగా ముడుచుకుని, దాని మీద బరువు ఉండి, అదే సమయంలో మెలి తిరిగితే ఆ దిండు రెండు ఎముకల మధ్య చిక్కుకుంటుంది. దాని బయటి అంచుకు మాత్రమే రక్తప్రసరణ ఉంటుంది. లోపలి భాగం చిరిగితే తనంతట తాను అతుక్కోవడం చాలా కష్టం. ఇక లిగమెంట్ల సంగతి. కండరం సాగుతుంది, సాగి మళ్లీ తన పొడవుకు వస్తుంది, బలం కూడా పుంజుకుంటుంది. లిగమెంట్ పని సాగడం కాదు, ఆపడం. అది వదులైతే మీకు ఒళ్లు బాగా వంగుతున్నట్టు అనిపిస్తుంది. వాస్తవంగా జరిగింది ఏమిటంటే, కీలుకు ఉన్న కాపలా తగ్గింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న మోకాలు పూర్తిగా తిన్నగా చాచుకుంటుంది, సొంత బలంతో దాదాపు 135, 140 డిగ్రీల వరకు ముడుచుకుంటుంది, చేత్తో లాగితే ఇంకొంత ముడుచుకుంటుంది. మనం చేసే ఏ పనికైనా అది చాలు. అంటే, జబ్బు కానీ దెబ్బ కానీ లేని మోకాలికి మనం అదనంగా సంపాదించి పెట్టవలసిన కదలిక ఏదీ లేదు. మరి స్ట్రెచింగ్‌లో మోకాలి ప్రస్తావన ఎందుకు వస్తుంది? పెద్ద కండరాలు దాన్ని దాటుకుని వెళ్తాయి కాబట్టి. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలు మనం కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలి కింద ముగుస్తాయి. తొడ ముందు ఉండే క్వాడ్రిసెప్స్‌లో ఒక పాయ తుంటిని, మోకాలిని రెండింటినీ దాటుతుంది. పిక్కలో పైకి కనిపించే కండరం మోకాలికి పైన మొదలై మడమకు చేరుతుంది. కాబట్టి మోకాలిని ఎంత వంచి ఉంచుతారు, ఎటు చూసేలా ఉంచుతారు అన్నదాన్ని బట్టి ఏ కండరం సాగుతుందో తేలుతుంది. మోకాలు ఇక్కడ ఒక మీట మాత్రమే, లాగవలసిన వస్తువు కాదు.

తుంటి ఇవ్వనిది మోకాలు ఇస్తుంది

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికి వస్తాను. మోకాళ్లు పాడు చేసుకునే భంగిమల్లో మొదటగా చెప్పుకోవలసింది పద్మాసనం. ఆసనాన్ని నిందించడం లేదు, దానిలోకి వెళ్లే తీరును అంటున్నాను. పద్మాసనంలో మోకాలి పని ఏమిటి? ముడుచుకోవడం, అంతే. తొడను బయటికి తిప్పే పనంతా తుంటిది. తుంటి అంతగా తిరగకపోతే ఏమవుతుంది? మనిషి ఊరుకోడు. రెండు చేతులతో పాదాన్ని పట్టుకుని, పైకి లాగి, ఎదుటి తొడ మీద వేస్తాడు. పాదం చేరింది, సరే. తుంటి తిరగకుండా పాదం అక్కడికి ఎలా చేరింది? మధ్యలో ఉన్న మోకాలు మెలి తిరిగి చేరింది. ఇందాక మీ వేలి కింద కదిలిన ఆ కొద్దిపాటి తిరుగుడు అంతా అప్పటికే ఖర్చయిపోయి, లోపలివైపు మెనిస్కస్ నలుగుతూ, బయటివైపు లిగమెంట్ లాగబడుతూ ఉంటుంది.

అందుకని వరస మార్చాలి. మొదట మోకాలిని పూర్తిగా ముడవండి, మడమ పిరుదుకు దగ్గరగా వచ్చేంతవరకు, పిక్కకు తొడకు మధ్య సందు లేకుండా. రెండోది, ఆ ముడిచిన కాలిని ఒకే ముక్కలాగా, తుంటి దగ్గర నుంచి, తొడతో సహా బయటికి తిప్పండి. మోకాలిచిప్ప ఎటు తిరిగితే కింది కాలు కూడా అటే తిరగాలి. మూడోది, ఒక చెయ్యి చీలమండ కింద, ఒక చెయ్యి మోకాలి కింద పెట్టి, కింది కాలి బరువంతా చేతుల మీద మోస్తూ పాదాన్ని ఎదుటి తొడ మొదట్లోకి, గజ్జల మడత దగ్గరికి తీసుకురండి. పాదాన్ని మాత్రమే పట్టుకుని లాగవద్దు. పాదం తొడ మధ్యలో ఆగి, చీలమండ వంకరపోయి, అరికాలు పైకి తిరిగితే, ఆ వంకరను సరిచేసే భారం మళ్లీ మోకాలి మీదే పడుతుంది. ఆ స్థితిలో కూర్చోవద్దు. కాలు దించి, బాసింపట్టు వేసుకుని, మోకాళ్ల కింద మడత పెట్టిన దుప్పటి పెట్టుకోండి.

మోకాలు నేలకు ఆనకుండా గాలిలో ఉంటే దాన్ని నొక్కాలా? వద్దు. అది గాలిలో ఉండటానికి కారణం మోకాలు కాదు, తుంటి. తుంటి గిన్నె ఎంత లోతుగా ఉంది, ఏ వైపుకు తిరిగి ఉంది, తొడ ఎముక మెడ ఏ కోణంలో ఉంది అన్నది మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. అది ఎముక. ఏళ్ల తరబడి సాగదీసినా ఎముక ఆకారం మారదు. పక్కవారి మోకాలు చాపకు ఆనిందని మనది కూడా ఆనాలనుకోవడంలో అర్థం లేదు. ఈ మాట నేర్పేవారికి మరీ చెబుతున్నాను. మీ ముందు ఇరవై మంది కూర్చుంటే ఇరవై రకాల తుంటి కీళ్లు కూర్చున్నాయని గుర్తుంచుకోండి.

కపోతాసనానికి కూడా ఇదే సూత్రం. పిజన్ పోజ్ అంటున్నారు కదా, ముందు కాలు ముడిచి అడ్డంగా పెట్టి, వెనక కాలు చాపి, ఒళ్లు కిందికి దించేది. ముందు కాలి పిక్క చాపకు ముందు అంచుకు సమాంతరంగా ఉండాలని ఎవరో చెబుతారు, అందరూ అలాగే పెడతారు. తుంటి బాగా తిరిగేవారికి అది చెల్లుతుంది. మిగిలినవారు మడమను గజ్జల వైపుకు తెచ్చుకోండి, పాదాన్ని వేళ్లతో సహా మోకాలి వైపుకు మడిచి బిగించండి. అలా బిగిస్తే మోకాలి చుట్టూ ఉన్న కండరాలు పట్టు మీద ఉంటాయి. ముందు కాలి వైపు పిరుదు కింద దిండు పెట్టండి, అప్పుడు ఒంటి బరువు మోకాలి మీదికి దొర్లదు. అది కూడా కుదరకపోతే వెల్లకిలా పడుకుని, ఒక చీలమండను ఎదుటి తొడ మీద వేసి, ఆ తొడను చేతులతో ఒంటి వైపుకు తెచ్చుకోండి. సాగే కండరం అదే, పిరుదు లోపలి కండరం. మోకాలి మీద ఒంటి బరువు మాత్రం ఉండదు. నా మటుకు నేను చాలామందికి ఇదే చాలునంటాను.

భంగిమ నుంచి బయటికి వచ్చేటప్పుడు తొందరపడే అలవాటు ఒకటి ఉంది. చాలాసేపు ముడుచుకుని ఉన్న కాలిని విదిలించినట్టు ఒక్కసారిగా చాపేస్తారు. వెళ్లిన దారినే వెనక్కి రావాలి. ముందు చేత్తో పాదాన్ని దించాలి, తరువాత తొడను లోపలికి తిప్పాలి, ఆఖరున మోకాలి వెనక చెయ్యి ఆనించి నెమ్మదిగా చాపాలి.

తొడ వెనక, తొడ ముందు

ముందుకు వంగే వ్యాయామాల్లో మోకాలి వెనక లాగుడు ఎందుకు వస్తుంది? రెండు మూడు కారణాలు ఉంటాయి. హామ్‌స్ట్రింగ్ పైకొస కూర్చునే ఎముకకు అంటుకుని ఉంటుందని చెప్పాను. ఆ కండరం సాగాలంటే కటి, అంటే నడుము కింద ఉండే ఎముకల గూడు, ముందుకు ఒరిగి, పైకొస వెనక్కి పోవాలి. కటి కదలకుండా వీపు మాత్రం గూనిగా వంగితే తల మోకాళ్లకు దగ్గరవుతుంది కానీ కండరం సాగదు. అప్పుడు మనం మోకాళ్లను కిందికి నొక్కుతాము, వేళ్లను గట్టిగా పట్టి లాగుతాము, బరువంతా మోకాలి వెనకకు చేరుతుంది. మందు ఏమిటంటే, మడత పెట్టిన దుప్పటి అంచు మీద కూర్చోండి, మోకాళ్లను కొంచెం వంచండి, పొట్టను తొడలకు దగ్గర చేస్తూ తుంటి నుంచి వంగండి, ఆ తరువాతే మోకాళ్లను మెల్లగా చాపుతూ పోండి. తొడ నడుమ లాగుడు తెలియగానే ఆగండి. మోకాలు ఇంకా వంగి ఉంటే ఉండనివ్వండి. మోకాలు వంచితే మోసం చేసినట్టు చూసే గురువులు ఇంకా ఉన్నారు. మోకాలు వంచి తుంటి నుంచి వంగినవారి హామ్‌స్ట్రింగ్ సాగుతుంది, మోకాలు బిగించి వీపు వంచినవారిది సాగదు. ఇందులో మోసం ఎవరిది?

రెండో కారణం నరం. తొడ వెనకగా దిగే పెద్ద నరం మోకాలి వెనక గుంటలోంచి పాదానికి పోతుంది. లాగుడు సన్నగా, జివ్వుమంటూ, పాదంలోకి తిమ్మిరిలాగా పాకితే అది కండరం లాగుడు కాదు. తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. లాగుడు తెలుస్తున్న స్థితిలోనే, మరేదీ కదపకుండా, తలను మాత్రం పైకెత్తండి. వెంటనే మోకాలి వెనక నొప్పి తగ్గిందా? తల ఎత్తితే తొడ కండరం పొడవు మారదు కదా. వెన్నుపాము నుంచి పాదం దాకా ఒకే వరుసగా ఉన్నది నాడీమండలం ఒక్కటే కాబట్టి, లాగబడుతున్నది అదే. నరాన్ని లాగి పట్టి ఉంచకూడదు. పాదాన్ని వదులు చేయండి, మోకాలిని వంచండి.

మూడోది, మోకాలు వెనక్కి విరిగినట్టు వంగే గుణం. కొందరికి మోకాలు సున్నా డిగ్రీల దగ్గర ఆగకుండా వెనక్కి పోతుంది. కీళ్ల వదులుతనాన్ని కొలవడానికి వైద్యులు వాడే బైటన్ స్కోరు 1973 నాటిది, మొత్తం 9 మార్కులు, అందులో మోకాలు 10 డిగ్రీలకు మించి వెనక్కి వంగితే ఒక్కో మోకాలికి ఒక్కో మార్కు పడుతుంది. ఇంట్లో చూసుకోవాలంటే వెల్లకిలా పడుకుని, కాళ్లు చాపి, మోకాలి వెనకభాగాన్ని నేలకు నొక్కండి. మడమ నేల నుంచి బాగా లేచిందంటే మీరు ఆ కోవలోనివారు. ఇలాంటివారే క్లాసులో అందరికంటే చక్కగా వంగుతారు, మెప్పు పొందుతారు, నెమ్మదిగా మోకాలి వెనక నొప్పి తెచ్చుకుంటారు. త్రికోణాసనంలోనో, నిలబడి ముందుకు వంగినప్పుడో, వీరి బరువంతా కండరం మీద కాక మోకాలి వెనక లిగమెంట్ల మీద వేలాడుతూ ఉంటుంది.

ఇక్కడ నేర్పేవారు వాడే మాట దగ్గర జాగ్రత్త అవసరం. "మోకాలు బిగించండి" అంటే విన్నవారు మోకాలిని వెనక్కి తోస్తారు. "మోకాలిచిప్పను తొడ వైపుకు లాగండి" అనండి. అలా లాగితే తొడ ముందు కండరం పని చేస్తుంది, మోకాలు నిలబడుతుంది. వదులు కీళ్లవారికి ఇంకొక మాట కలపండి, చిప్పను పైకి లాగుతూనే మోకాలిని వెంట్రుకవాసి వంచి ఉంచమనండి. వారికి అద్దంలో వంగినట్టు కనిపించేదే నిజానికి తిన్నని కాలు.

తొడ ముందు కండరానికి వద్దాము. నిలబడి, మడమను పిరుదు వైపుకు లాగే వ్యాయామం అందరికీ తెలుసు. ఇందులో మూడు తప్పులు చూస్తాను. ఒకటి, పాదం వేళ్లను పట్టుకుని లాగడం. చీలమండను పట్టుకోండి, అందకపోతే తువ్వాలు చుట్టి పట్టుకోండి. రెండోది, మోకాలు పక్కకు తెరుచుకోవడం. రెండు మోకాళ్లూ పక్కపక్కన ఉండాలి, వంచిన మోకాలు నేలను చూడాలి. మూడోది, మడమ పిరుదుకు తగిలితేనే చేసినట్టు అనుకోవడం. మడమను ఇంకా ఇంకా లాగితే మోకాలిచిప్ప తొడ ఎముక మీద ఒత్తుకోవడమే తప్ప లాభం లేదు. దానికి బదులు నడుము వంపు తగ్గించి, కటిని లోపలికి మడిచి, పిరుదును బిగించి చూడండి. మడమ జానెడు దూరంలో ఉండగానే తొడ పైభాగంలో మంచి లాగుడు వస్తుంది. ఇప్పుడు ఎవరైనా లేచి చేసి చూడవచ్చు. కుర్చీ వెనక పట్టుకోండి, పడిపోకుండా.

ఒక కాలు ముందుకు వేసి, వెనక మోకాలు నేలకు ఆనించి చేసే లంజ్‌లో ఆ మోకాలి కింద మెత్తటిది ఉండాలి. బరువు నేరుగా చిప్ప మీద కాక, దానికి కాస్త పైన పడేలా ఒంటిని ముందుకు జరపాలి. ముందు కాలి మోకాలు రెండో వేలి వైపుకు చూడాలి, లోపలికి వాలకూడదు. ఇక హర్డిల్ స్ట్రెచ్ అని పాతకాలపు వ్యాయామం ఒకటి ఉంది. ఒక కాలు ముందుకు చాపి, రెండో కాలిని మోకాలి దగ్గర మడిచి పాదాన్ని ఒంటికి బయటగా వెనక్కి పెట్టి, దాని మీద వాలడం. మోకాలి లోపలి లిగమెంటుకు, మెనిస్కస్‌కు ఇంతకంటే చెడ్డ కోణం వెతకాలన్నా దొరకదు. మానేయండి. వెనక్కి పెట్టే పాదాన్ని ముందుకు తెచ్చి, అరికాలిని ఎదుటి తొడ లోపలికి ఆనించి కూర్చుంటే హామ్‌స్ట్రింగ్‌కు అదే ఫలితం వస్తుంది.

వీరాసనంలో పాదాలు పిరుదుకు ఇరుపక్కలా ఉంటాయి కదా, వేళ్లు తిన్నగా వెనక్కి చూడాలి, పక్కలకు తెరుచుకోకూడదు. పిరుదు నేలకు చేరకపోతే కింద ఇటుకో, దిండో పెట్టుకోవాలి. మడమల మీద కూర్చునే వజ్రాసనంలో మెలి లేదు, నిజమే, కానీ గంటల తరబడి కూర్చుంటే వేరే ముప్పు ఉంది. మోకాలికి బయటివైపు, కొంచెం కింద, చర్మానికి దగ్గరగా ఒక నరం ఎముకను చుట్టుకుని పోతుంది, పాదాన్ని పైకెత్తే పని దానిదే. 1971లో ఒక అమెరికన్ వైద్య పత్రిక, రోజూ గంటల కొద్దీ మోకాళ్ల మీద కూర్చున్న ఒక యువకుడికి పాదం పైకి లేవకుండా వాలిపోవడం గురించి ప్రచురించింది, దానికి 'యోగా ఫుట్ డ్రాప్' అనే పేరు అప్పుడే వచ్చింది. పాదం మొద్దుబారడం మొదలైతే లేవండి.

తొడ లోపలివైపు సాగదీసే వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. అరికాళ్లు రెండూ కలిపి కూర్చునే బద్ధకోణాసనంలో మోకాళ్లను చేతులతో నొక్కవద్దు, పాదాలను కాస్త దూరం జరిపి, తుంటి నుంచి ముందుకు వంగండి. కాళ్లు ఎడంగా చాపి కూర్చునేటప్పుడు మోకాలిచిప్పలు, కాలి వేళ్లు పైకప్పును చూడాలి. అవి ముందుకు దొర్లితే మోకాలి లోపలి అంచు లాగబడుతుంది. తోడుగా ఉన్నవారు ఒత్తవలసి వస్తే తొడ మీద ఒత్తాలి, మోకాలి మీద కానీ, మోకాలికి కింద కానీ చెయ్యి వేయకూడదు. పిక్కకు గోడ ఆనుకుని చేసేదాంట్లో వెనక పాదం తిన్నగా ముందుకు చూడాలి. మోకాలు చాపితే పై కండరం సాగుతుంది, వంచితే లోపలి కండరం సాగుతుంది, రెండూ చేయండి.

ఎంతసేపు, ఎంత గట్టిగా

ముందు అయిదు పది నిమిషాలు నడిచో, కాళ్లు ఆడించో ఒళ్లు వేడెక్కనివ్వండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచన ప్రకారం పెద్దవారు ఒక్కో సాగదీతను 10 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచాలి, వయసు మళ్లినవారు 30 నుంచి 60 సెకన్లు ఉంచితే మేలు, ఒక్కో వ్యాయామానికి అన్నిసార్లూ కలిపి 60 సెకన్లు రావాలి, వారానికి కనీసం రెండు మూడు రోజులు చేయాలి. అంతే, ఎక్కువేమీ కాదు. పరుగుకో, గెంతుళ్లకో ముందు ఒకే కండరాన్ని నిమిషానికి మించి పట్టి లాగితే దాని బలం కాసేపు తగ్గుతుంది, అలాంటివి ఆట తరువాత చేసుకోండి.

గట్టిగా లాగితే త్వరగా వస్తుందన్న నమ్మకం గురించి ఒక్క మాట. మొదటి కొన్ని వారాల్లో మన వంపు పెరగడానికి ముఖ్య కారణం కండరం పొడవు పెరగడం కాదు, ఆ లాగుడును ఓర్చుకోవడానికి మెదడు ఒప్పుకోవడం. ఒప్పించే పనిలో బలవంతం ఏం లాభం? పదిలో నాలుగు, అయిదు పాళ్ల లాగుడు చాలునని నేను చెబుతాను. ఊపిరి బిగపట్టవలసి వచ్చిందంటే దాటిపోయినట్టే. గంతులు వేస్తున్నట్టు ఊగుతూ లాగడం మోకాలికి ఇంకా చెడ్డది, కండరం తనను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది, ఆ కుదుపు కీలు మీద పడుతుంది.

ఇక ఎప్పుడు ఆపాలి? మోకాలిలో ఎక్కడైనా కలుక్కుమంటే అక్కడికక్కడ ఆపాలి. నొప్పి లేకుండా కటుక్కుమనే చప్పుడు మాత్రం వస్తే భయపడనక్కరలేదు, చాలామంది మోకాళ్లు చప్పుడు చేస్తాయి. చప్పుడుతో పాటు నొప్పి వస్తే వేరే మాట. మోకాలు మధ్యలో పట్టేసి చాపడానికి రాకపోతే, నడుస్తుండగా ఒక్కసారిగా జారిపోయినట్టు అయితే, డాక్టరుకు చూపించాలి. వాపు ఎప్పుడు వచ్చిందో గుర్తు పెట్టుకోండి, డాక్టరు అడుగుతారు. గంటా రెండు గంటల్లోనే మోకాలు పొంగితే లోపల రక్తం చేరిందేమో చూడాలి, లిగమెంట్ తెగినప్పుడు అలా జరుగుతుంది. మర్నాటికి మెల్లగా పొంగితే మెనిస్కస్ నలిగి ఉండవచ్చు.

పిల్లల గురించి ఒకటి చెప్పాలి. పది నుంచి పదిహేనేళ్ల మధ్య, ఎత్తు వేగంగా పెరిగే రోజుల్లో, ఇందాక మీరు వేలు పెట్టిన ఆ బొడిపె దగ్గర నొప్పి, వాపు వస్తుంటుంది, ఆటలాడే పిల్లల్లో మరీ ఎక్కువ. క్వాడ్రిసెప్స్ అక్కడి ఎదుగుతున్న ఎముకను లాగడం వల్ల వచ్చేది. ఆ పిల్లలచేత వీరాసనం, వజ్రాసనం చేయించవద్దు, బొడిపె నేలకు ఒత్తుకుంటుంది. పక్కకు పడుకుని, నొప్పి రానంత మేరకు తొడ ముందు కండరాన్ని సాగదీయవచ్చు.

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవారికి మోకాలు సాధారణంగా 110, 120 డిగ్రీల దాకా ముడుచుకుంటుంది. వారు మడమ మీద కూర్చునే ప్రయత్నం చేయనక్కరలేదు, మోకాళ్ల మీద ఆనడానికి ముందు ఆపరేషన్ చేసిన డాక్టరును అడగాలి. ఆపరేషన్ తరువాత మొదటి వారాల్లో ఫిజియోథెరపిస్టు మోకాలినే వంచి, చాపి పని చేయిస్తారు. అది వైద్యం. నేను ఇంతసేపు చెప్పిన 'మోకాలిని లాగవద్దు' అన్న మాటను అక్కడికి పట్టుకెళ్లి, ఆ వ్యాయామాలు మానేయవద్దు.

మీ ప్రశ్నలు వింటాను. భంగిమ చూపించి అడగదలచినవారు ముందుకు రండి. ముందు వరసవారు కుర్చీలు కాస్త వెనక్కి జరపండి, చాప పరుస్తాము.